సింహపురి సీమ : దేవుని భాష, జనుల భాష



నెల్లూరు నుండి గూడూరు వైపు పోయే రహదారి మీద, రైలుమార్గం మీద వెంకటాచలమనే ఊరున్నది. తూర్పున కృష్ణపట్నం రేవు. అక్కడికి వెళ్ళే రైలుమార్గం ఇక్కడనే చీలుతుంది. పేరులో అచలమున్నది గాని ఊరు మాత్రం మైదానంలో ఉన్నది. ఏడుకొండలవాని కొండపేరునే తన పేరుగా పెట్టుకొన్న ఊరిది. ఆ పేరును పట్టుకొనియే నేటి ప్రసంగంలోనికి ప్రవేశిస్తాను. ఎందువలననగా, భాషను గురించి ఆలోచించదలచినవారికి వెంకటాచలపతి సన్నిధిని మించిన పాఠశాల మరొకటి లేదు.

తిరుమల ఆలయకుడ్యాల మీద చెక్కిన శాసనాలలో అత్యధికభాగం తమిళంలో ఉన్నవి. స్వామికి జరిగే అర్చన వైఖానసాగమ విధానాన సంస్కృతంలో సాగుతుంది. ధనుర్మాసం వచ్చిందంటే సుప్రభాతానికి బదులుగా గోదాదేవి తిరుప్పావై వినిపిస్తారు, అది తమిళం. స్వామిని లాలించి, కవ్వించి, మేలమాడి, నిలదీసి, చివరకు శరణన్న తాళ్ళపాక అన్నమాచార్యుడు (1408–1503) పాడినది తెలుగు. ఆయన సంకీర్తనలు రాగిరేకుల మీదికెక్కి, శతాబ్దాలపాటు ఆలయంలోని చిన్న అరలో భద్రంగా ఉండి, ఇరవయ్యవ శతాబ్దంలో మరల లోకానికి వినిపించినవి. పురందరదాసులవారు అదే స్వామిని కన్నడంలో కీర్తించినారు. మరి స్వామి మాతృభాష ఏది? ఈ ప్రశ్న చిన్నపిల్లలు అడిగినట్లున్నది కదా! స్వామికి తల్లీ లేదు, మాతృభాషా లేదు. మనకున్నవి. కనుక చిక్కంతా మనది.

భాష మనుష్యులను కలుపుతుందని కొందరంటారు, విడదీస్తుందని మరికొందరంటారు. రెండునూ సత్యమే. నేను అడుగదలచినది మరొక ప్రశ్న. “మనవారు” అని మనం తెలుగులో అన్నప్పుడు, ఆ మాటలో ఎవరెవరు చేరుతారు? ఎవరు గడప బయట నిలిచిపోతారు? ఈ ప్రశ్నకు సింహపురి సీమ రెండుమార్లు సమాధానం చెప్పింది. ఒకమారు పదమూడవ శతాబ్దంలో కవిత్వం ద్వారా, ఒకమారు ఇరవయ్యవ శతాబ్దంలో ఉపవాసం ద్వారా. మొదటిది చదువుకొన్నవారందరికీ తెలుసును. రెండవదానిలో సగాన్ని మాత్రమే మనం జ్ఞాపకముంచుకొన్నాము.

ముందుగా ఈ నేల స్వభావం కొంత తెలియవలెను. నెల్లూరు మండలంలోని రాతిశాసనాలను, తామ్రశాసనాలను బటర్‌వర్తు, వేణుగోపాలశెట్టి అనే ఇద్దరు అధికారులు సేకరించి 1905లో మూడు సంపుటాలుగా ప్రకటించినారు. ఆ సంపుటాలు తిరగవేసినవారికి ఒక విషయం స్పష్టమవుతుంది. ఈ మండలంలో రాళ్ళు ఒక్క తెలుగే మాట్లాడలేదు. దక్షిణంగా పోయినకొద్దీ తమిళశాసనాలు దట్టమవుతాయి. వాటినడుమ సంస్కృతశ్లోకాలు, తెలుగు దానపత్రాలు. తెలుగు భాషలో మనకు లభించిన అతిప్రాచీన శాసనాలలో ఒకటైన కలమళ్ళ శాసనం ఆరవ శతాబ్దినాటిది. దానిని వేయించిన రేనాటి చోళులు కడపసీమవారు. చోళులనే పేరు వినగానే తమిళమని మనకు తోస్తుంది. ఈ రేనాటివారు మాత్రం తమ మాటను తెలుగులో రాతికెక్కించినారు. ఆ తరువాత నెల్లూరు రాజధానిగా పాలించిన తెలుగుచోడులు కరికాలచోళుని వంశం తమదని చెప్పుకొన్నారు. వారి అధికారం కంచివరకు వ్యాపించింది. కంచిలో దానం చేసినప్పుడు తమిళంలో వ్రాయించినారు, ఇంటివద్ద తెలుగు కవిని ఆదరించినారు. దీనిలో వారికి వైరుద్ధ్యమేదీ కనిపించలేదు. దీపానికి గొర్రెలను ఇచ్చినప్పుడు, ఆ గొర్రెలను కాచేవానికి షరతులు అర్థం కావలెను గదా! ఏ ఊరిలో దానమో ఆ ఊరి భాష. అంతే.

కనుక, భాషను బట్టియే మనిషిని గుర్తించే అలవాటు అనాదిగా ఉన్నదని మనం భ్రమపడరాదు. ఆ కాలంలో మనిషిని విడదీసే గీతలు వేరు. కులమొకటి. రెండవది, ఆనాడు మరింత వేడిగా ఉన్నది, మతభేదం. శివుడు గొప్పా, విష్ణువు గొప్పా అన్న వివాదం. పండ్రెండు, పదమూడు శతాబ్దులలో దక్షిణదేశమంతటా ఇరువైపులా భక్తి ఉప్పొంగింది. దానితోపాటు ద్వేషమూ పొంగింది. ఒకరి గుడి వైపు మరొకరు చూడని రోజులు. పాల్కురికి సోమనాథుని వంటి మహాకవి శివభక్తుల కథలను జనులకు తెలిసే తేటతెలుగులో ద్విపదలుగా వ్రాసి అక్షరం రాని ఇంటివరకూ చేర్చినాడు. ఆయన చేసిన ఉపకారం సామాన్యమైనది కాదు. అయితే ఆ కావ్యం శివభక్తుల ఇంటి దీపం. పొరుగింటివారు దాని వెలుగులో కూర్చొనలేదు.

ఈ సందర్భంలో పెన్నాతీరాన తిక్కన కనబడుతున్నాడు.

తిక్కన కొమ్మనామాత్యుని కుమారుడు, మంత్రి భాస్కరుని మనుమడు, నెల్లూరేలిన మనుమసిద్ధి రాజుకు మంత్రి. రాజు ఆయనను “మామా” అని పిలిచే చనువు ఉన్నది. మొదటి కావ్యమైన నిర్వచనోత్తర రామాయణాన్ని ఆ రాజుకే అంకితమిచ్చినాడు. పిదప మహాభారతానికి పూనుకొన్నాడు. అంతకు సుమారు రెండువందల సంవత్సరాల క్రితం రాజమహేంద్రవరంలో నన్నయభట్టు రాజరాజనరేంద్రుని కోరికపై భారతాన్ని ఆరంభించి, అరణ్యపర్వం నడుమ ఆపివేసినాడు. తిక్కన ఆ మిగిలిన భాగాన్ని ముట్టక విరాటపర్వంతో మొదలుపెట్టి పదునైదు పర్వాలను ఒక్కచేతిమీదుగా పూర్తిచేసినాడు. అరణ్యపర్వశేషాన్ని తరువాతికాలంలో ఎఱ్ఱాప్రెగ్గడ పూరించినాడు. ఇవన్నీ మనం బడిలో చదువుకొన్నవే. మనం ఆగి చూడవలసినది ఆయన ఆ కావ్యాన్ని ఎవరికి అంకితమిచ్చినాడన్న చోట.

రాజుకు ఇవ్వలేదు. తన తండ్రి కొమ్మన స్వప్నంలో కనబడినాడనీ, హరిహరనాథుడు సాక్షాత్కరించి భారతకృతికి తానే భర్తనౌతానని అడిగినాడనీ చెప్పుకొన్నాడు. హరిహరనాథుడు! శివుడూ విష్ణువూ ఒకే విగ్రహంగా, ఒకే పేరుగా. ప్రతి ఆశ్వాసారంభంలో ఆ దేవుని సంబోధించియే కథను సాగించినాడు. ఏ పక్షానికి చెందినవాడు పుస్తకం తెరచినా మొట్టమొదట తన దేవుడు కనబడతాడు, ఆ వెంటనే ఎదుటివాని దేవుడూ కనబడతాడు. ఇద్దరూ ఒకరే. వాదించి గెలవవలసిన విషయాన్ని తిక్కన సంబోధనలో తేల్చివేసినాడు. ఇది మంత్రి అయినవాడు చేయగలిగిన పని అని నా అభిప్రాయం. పండితుడైతే ఖండనగ్రంథం వ్రాసి ఉండేవాడు!

ఆంధ్రజనులందరికీ ఆనందం కలిగేటట్లు వ్రాస్తానని ఆయన పీఠికలో చెప్పుకొన్నాడు. ఆ “అందరికీ” అన్న మాటను నిలుపుకొన్నాడా? భాషను చూస్తే నిలుపుకొన్నాడనే తోస్తుంది. నన్నయకంటె తెలుగుమాటల పాలు హెచ్చు. పాత్రలు మాట్లాడుకొనేటప్పుడు ఇంటి మాటలు, వీధి మాటలు, కోపం వచ్చినప్పటి మాటలు. కౌరవసభకు శ్రీకృష్ణుడు రాయబారానికి బయలుదేరేముందు ద్రౌపది పలికే పలుకులు విన్న పల్లెటూరి ముదుసలి కన్నీరు పెట్టుకొన్నదంటే, అది నిఘంటువు చూసి పెట్టుకొన్న కన్నీరు కాదు.

ఇక్కడ మీకొక సందేహం కలుగవచ్చును. తిక్కన సంస్కృతాన్ని త్రోసిపుచ్చినాడా? లేదు. ఆయన యజ్ఞం చేసిన సోమయాజి. వేదమంత్రం వేదభాషలోనే ఉన్నది, హోమం హోమంగానే జరిగింది. పంచమవేదమని పేరుపడిన భారతాన్ని మాత్రం తెలుగులోనికి తెచ్చినాడు. ఒకదానిని తీసివేసి మరొకదానిని కూర్చోబెట్టలేదు. ఏ పీటమీద ఎవరు కూర్చొనవలెనో తెలిసినవాడు.

ఆయన భారతాన్ని చెప్పుచుండగా వ్రాసినవాడు గురునాథుడనే కుమ్మరి అని పరంపరగా చెప్పుకొనే కథ ఒకటి ఉన్నది. ఆగకుండా చెప్పవలెనని ఒప్పందమట. ఒకచోట తిక్కనకు మాట తోచక, ఏమి చెప్పేదయ్యా అని లేఖకుని పేరు పెట్టి పిలిచినాడట. ఆ మాటలే పద్యంలో సరిగ్గా ఇమిడి, ధృతరాష్ట్రునికి సంజయుడు చేసిన సంబోధనగా కుదిరిపోయినవట. ఇది జరిగిందో లేదో చరిత్రకారులు తేల్చుకొందురు గాక. నా దృష్టి కథను నిలుపుకొన్న జనం మీద ఉన్నది. మంత్రిగారి భారతం కుమ్మరివాని చేతివ్రాతతో వెలువడిందని చెప్పుకోవడం ఈ సీమ జనులకు ఇష్టమైంది. ఆ కథ చెప్పుకొన్నవారికి, ఆ గ్రంథంలో తమకూ ఒక చేయి ఉన్నదన్న తృప్తి కలిగింది.

మనుమసిద్ధి కాలంలోనే మరొక సంగతి. పశువుల మేతకోసం ఈ సీమకు వచ్చిన కాటమరాజుకూ, మనుమసిద్ధికీ పుల్లరి విషయమై తగవు వచ్చి యుద్ధమైంది. రాజుపక్షాన తిక్కనసోమయాజి దాయాది అయిన ఖడ్గతిక్కన పోరాడి మరణించినాడు. రాజాస్థానం వైపునుండి చూస్తే ఖడ్గతిక్కన వీరుడు. కాని అదే యుద్ధాన్ని గొల్లవారి ఇండ్లవద్ద కొమ్మువారు కాటమరాజు కథగా గానం చేస్తారు. అందులో వీరుడు కాటమరాజు! తెలుగుభాష ఔదార్యం చూడండి. ఒక యుద్ధంలో కొట్టుకొన్న ఇరుపక్షాలకూ అదే భాష పాటనిచ్చింది. ఒక పక్షానికి వ్రాతలో, ఒక పక్షానికి నోటిలో. వ్రాసినది మాత్రమే సాహిత్యమనుకొన్న పండితులు ఆ రెండవ పాటను చాలకాలం వినలేదు. ఆ కథలు సంపుటాలుగా అచ్చుకెక్కినది 1970 దశాబ్దంలోనే.

తిక్కన శిష్యవర్గంలోని కేతన కూడ ఇక్కడ స్మరణీయుడు. తెలుగుభాషకు తెలుగులో వ్యాకరణం వ్రాసిన మొదటివాడు ఆయనే. ధర్మశాస్త్రవ్యాఖ్య అయిన విజ్ఞానేశ్వరీయాన్ని కూడ తెలుగు చేసినాడు. అనగా పురాణంతోపాటు న్యాయాన్నీ జనభాషలోనికి దించే ప్రయత్నం ఆ నెల్లూరి పరిసరంలోనే జరిగిందన్నమాట.

ఇంతవరకూ విన్నవారు, అయితే సర్వం శుభమే కదా అనుకోవచ్చును. ఇప్పుడు చెప్పేది కొంత కష్టమైన మాట.

తిక్కన భారతం దేవాలయమండపాలలో పురాణపఠనంగా సాగింది. ఆ మండపంలో కూర్చొని వినే అధికారం ఎవరికున్నది? తెలుగు మాట్లాడే మాలపల్లెకు, మాదిగవాడకు లేదు. వారు భారతకథను తోలుబొమ్మలాటలో చూసినారు, వీధిభాగవతంలో విన్నారు, బుర్రకథలో విన్నారు. ధర్మరాజు వారికీ ధర్మరాజే. భీముడు వారికీ భీముడే. ద్రౌపది వారి ఇండ్లలోనూ ఏడ్చింది. భాష అన్ని వాడలకూ వెళ్ళింది గాని, ఆ భాష మాట్లాడే అందరూ గుడిలోనికి వెళ్ళలేదు. హరికీ హరునికీ నడుమ ఉన్న గోడను పదమూడవ శతాబ్దంలో తిక్కన తీసివేసినాడు. గుడి చుట్టూ ఉన్న గోడ అలాగే ఉన్నది. ఏడువందల యేండ్లు అలాగే ఉన్నది.

ఆ గోడవద్దకు వచ్చినవాడు పొట్టి శ్రీరాములు.

శ్రీరాములు 1901 మార్చి 16న మద్రాసులో జన్మించినాడు. పూర్వీకులది ఆనాటి నెల్లూరు జిల్లాలోని పడమటిపల్లె. బొంబాయిలో పారిశుద్ధ్య ఇంజనీరింగు చదివి రైల్వేలో ఉద్యోగం చేసినాడు. భార్య మరణించిన తరువాత ఉద్యోగం వదలి సబర్మతి ఆశ్రమం చేరినాడు. ఉప్పుసత్యాగ్రహంలో జైలుకు వెళ్ళినాడు. తరువాత నెల్లూరులో ఖద్దరుపని, హరిజనసేవ. ఏ కులంవారు పిలిచినా వారి ఇంట భోజనం చేసేవాడు. చివరి సంవత్సరాలలో ఎండలో చెప్పులు లేక, గొడుగు లేక, హరిజనోద్ధరణ నినాదాలు వ్రాసిన అట్టలు తగిలించుకొని నెల్లూరు వీధులలో తిరిగేవాడు. చూసినవారు పిచ్చివాడన్నారు.

1946లో ఆయన నెల్లూరు మూలాపేటలోని వేణుగోపాలస్వామి ఆలయంలోనికి హరిజనులను రానీయవలెనని నిరశనవ్రతం పూనినాడు. ఆలయద్వారం తెరువబడింది. అటుపిమ్మట కూడ, 1948 వరకు, హరిజనుల హక్కులకోసం ఆయన మరల మరల ఉపవసించినాడు. వాటి ఫలితంగా, జిల్లా కలెక్టరులు వారానికొకదినమైనా హరిజనోద్ధరణకార్యాలు చూడవలెనని మద్రాసు ప్రభుత్వం ఆదేశించింది. 1947లో మద్రాసు రాష్ట్రంలో ఆలయప్రవేశచట్టం వచ్చింది. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగం అస్పృశ్యతను నిషేధించింది.

ఆ తరువాతనే, భక్తులారా, 1952 అక్టోబరు 19. మద్రాసులో బులుసు సాంబమూర్తిగారి ఇంట, ఆంధ్రరాష్ట్రంకోసం నిరశన. అంతకుముందు 1951లో స్వామి సీతారాం ఇదే కోరికతో ముప్పది అయిదు దినాలు ఉపవసించి విరమించినారు. శ్రీరాములు విరమించలేదు. 58 దినాలు. డిసెంబరు 15 రాత్రి ప్రాణం పోయింది. ఆంధ్రదేశమంతా అట్టుడికింది. పలుచోట్ల పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయినవి. నాలుగు దినాలకు ప్రధాని నెహ్రూ ఆంధ్రరాష్ట్ర ఏర్పాటును ప్రకటించినారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆ రాష్ట్రం అవతరించింది.

ఈ రెండవ ఉపవాసాన్ని పాఠ్యపుస్తకం మనకు నేర్పింది. విగ్రహాలు దానికే వెలసినవి. మొదటి ఉపవాసం ఎక్కడో అడుగున పడిపోయింది. అమరజీవి అనే బిరుదు 1952కు ఇచ్చినాము. 1946కు ఏమిచ్చినాము? నాకైతే ఇది తక్కువ అన్యాయంగా తోచదు. ఎందువలననగా ఆ మనిషి జీవితంలో ఆ రెండూ వేరు కావు. తెలుగువారికొక ఇల్లు కావలెనని అడుగబోయే ముందు, ఆ ఇంటిలోనికి తెలుగువారందరూ రావలెనని అడిగినాడు. వరుస గమనించండి. ముందు గుడి, తరువాత రాష్ట్రం. దానిని తలక్రిందులు చేసి, రాష్ట్రాన్ని మాత్రమే ఉంచుకొని, గుడిని మరచిపోయినవారం మనం.

ఆ రాష్ట్రం వచ్చిన తరువాతి చరిత్ర సూటిగా నడువలేదు. ఎల్లలు గీసినప్పుడు భాష గీతలకు లొంగదు. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల నడుమ సరిహద్దు తగవు పటాస్కరు తీర్పుతో పరిష్కారమై, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి, సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కు మారినవి. తిరుత్తణి కొండమీది సుబ్రహ్మణ్యేశ్వరుడు ఒకనాడు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాడు, మరునాడు మద్రాసులో ఉన్నాడు. ఆయన తన కొండ దిగలేదు! ఆడికృత్తికకు కావడి మోసుకొని పోయే మన తెలుగు భక్తులు, ఆనాడూ పోయినారు, ఈనాడూ పోవుచున్నారు.

1956 నవంబరు 1న తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. భాష ఒక్కటి కనుక సమాజమూ ఒక్కటేనన్న నమ్మకంతో ఏర్పడింది. నీరు, ఉద్యోగం, మర్యాద అనే మూడింటిలో తమకు సమానత్వం దొరకలేదని తెలంగాణవారు భావించినారు. తమ యాసను చలనచిత్రాలలో హాస్యానికి, దుష్టపాత్రలకు వాడుకొన్నారని బాధపడినారు. 2014 జూన్ 2న వేరు రాష్ట్రమైంది. ఇది ఎవరి తప్పన్న చర్చకు ఇది వేదిక కాదు. ఒకే భాష మాట్లాడేవారు కూడ, గౌరవం సమంగా లేనిచోట, ఒకే కప్పు క్రింద నిలువరన్నంత వరకు మనం గ్రహించితే చాలును. గుడిగోడవద్ద శ్రీరాములుకు తెలిసిన విషయమే ఇది, మరొక రూపంలో.

ఇప్పుడు తిరిగి వెంకటాచలానికి వద్దాము.

2008వ సంవత్సరంలో ఈ సీమకు రెండు గౌరవాలు దక్కినవి. నెల్లూరు జిల్లాకు శ్రీ పొట్టి శ్రీరాములు పేరు పెట్టినారు. అదే సంవత్సరం అక్టోబరు 31న కేంద్రప్రభుత్వం తెలుగును, కన్నడాన్ని ప్రాచీనభాషలుగా గుర్తించింది. అంతకుముందు 2004లో తమిళానికి, 2005లో సంస్కృతానికి ఆ హోదా లభించింది. మన భాషకు అంత ప్రాచీనత లేదని మద్రాసు హైకోర్టులో వ్యాజ్యం నడిచి, 2016లో ముగిసింది. కలమళ్ళ రాయి వంటి సాక్షులు మనకున్నారు గనుక దిగులు లేదు. తెలుగు ప్రాచీనభాషా కేంద్రం మొదట మైసూరులో, భారతీయ భాషల కేంద్రసంస్థలో పనిచేసింది. దానిని నెల్లూరు సీమకు తరలించి, 2020 జనవరి 21న వెంకటాచలంలోని స్వర్ణభారత్ ట్రస్టు ఆవరణలో అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడుగారు ప్రారంభించినారు. తిక్కన నడయాడిన పెన్నాతీరానికి, కొండపేరు గల ఊరికి, తెలుగు చదువు తిరిగివచ్చింది.

సరిగ్గా ఆ నెలలలోనే రాష్ట్రంలో మరొక వాదం రేగుచున్నది. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో ఆంగ్లమాధ్యమం పెట్టవలెనని 2019 నవంబరులో ఉత్తర్వు వెలువడింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దానిని కొట్టివేసింది. తెలుగు చచ్చిపోతుందని పెద్దలు ఆవేదన చెందినారు. వారి ఆవేదన నాకు అర్థమైనది. అన్నమయ్యను పాడవలసిన పిల్లవాడు అక్షరాలు కూడుకొని చదువలేకపోతే గుండె కలుక్కుమంటుంది. కాని ఎదుటివైపు మాటకూడ వినవలెను. కూలిపని చేసే తల్లి ఇట్లా అడుగుతుంది. “మీ పిల్లలందరూ ఇంగ్లీషు బడికి పోయి ఉద్యోగాలు సంపాదించుకొన్నారు గదయ్యా. తెలుగును కాపాడే బాధ్యత మా పిల్లలకేనా?” దీనికి తెలుగు భాషాభిమానులలో ఎంతమంది సూటిగా జవాబు చెప్పినారో నేనెరుగను. వేదిక మీద తెలుగు గొప్పదనం చెప్పి, ఇంటికి పోయి మనుమలతో ఆంగ్లంలో మాట్లాడేవారు చెప్పే జవాబు ఆ తల్లికి అక్కరలేదు. ఆమె అడిగినది భాషను గురించి కాదు, గడపను గురించి. తిక్కన ఆంధ్రజనులందరికీ అని వ్రాసినప్పుడు ఆ “అందరి”లో ఆమె పూర్వీకులున్నారో లేదో, మూలాపేటలో 1946 వరకు తేలలేదు.

ఆలయధర్మకర్తలు, అర్చకస్వాములు ఈ సభలో ఉన్నారు గనుక ఒక చిన్న మనవి చేసికొంటాను. మన ఆలయాలలో పురాణప్రవచనం జరిగేటప్పుడు తిక్కన భారతాన్ని పద్యం చదివి, తాత్పర్యం చెప్పే ఆచారం కొన్ని ఊళ్ళలో ఇంకను నిలిచి ఉన్నది. ఆ ప్రవచనాన్ని గుడిలో ఒకనాడు, వాడలో ఒకనాడు జరిపితే ఎట్లుండును? మైకు పెట్టి దూరానికి వినిపించడం వేరు, వాడలోని రచ్చబండ మీద పీట వేసికొని కూర్చొనడం వేరు. కాటమరాజు కథ పాడే కొమ్మువారిని, తోలుబొమ్మలాడించేవారిని బ్రహ్మోత్సవాలకు పిలిచి, మండపంలోనే ఆసనమిచ్చి, సంభావన ఇచ్చి పంపవచ్చును. దీనికి ఆగమంలో నిషేధమేమైనా ఉన్నదేమో పెద్దలు సెలవియ్యవలెను.

నెల్లూరు వెళ్ళే యాత్రికులు పెన్న ఒడ్డున రంగనాథస్వామిని సేవిస్తారు, జొన్నవాడలో కామాక్షితాయిని దర్శిస్తారు, వెంకటాచలం మీదుగా గొలగమూడికి వెళ్ళి వెంకయ్యస్వామివారి ఆశ్రమంలో రాత్రి నిద్ర చేస్తారు. ఆ దారిలోనే నెల్లూరు పట్టణంలో మూలాపేట ఉన్నది. వేణుగోపాలస్వామి అక్కడ వేంచేసియున్నాడు. ఆ గుడి తలుపులకోసం పస్తున్న మనిషి పేరు ఇప్పుడు జిల్లా పేరై, ప్రతి దస్తావేజు మీద, ప్రతి ప్రభుత్వకార్యాలయపు పలక మీద వ్రాసి ఉన్నది.